గర్భస్రావం తర్వాత మళ్లీ ప్రయత్నిస్తున్నప్పుడు మద్యం: ఎప్పుడు ఆపాలి, ఎలా ఆపాలి

గర్భం పోయాక మళ్లీ బిడ్డ కోసం ప్రయత్నించేవాళ్లకు మద్యం గురించి రెండు రకాల సలహాలు వినిపిస్తుంటాయి. చుక్క కూడా ముట్టకూడదని కొందరంటారు. టెస్టులో రెండు గీతలు పడేదాకా ఏమీ కాదులే అని ఇంకొందరంటారు. మొదటి సలహా సరైనదే కానీ ఎలా పాటించాలో ఎవరూ చెప్పరు. రెండోది మామూలు రోజుల్లోనే అంతంతమాత్రం, గర్భస్రావం అయిన తర్వాతి నెలల్లో అయితే అస్సలు పనికిరాదు. ఎందుకు పనికిరాదో, దాని బదులు ఏం చేయొచ్చో ఒక్కో మెట్టుగా చూద్దాం.

1. పోయిన గర్భానికి ఆ గ్లాసే కారణమా?

చాలామందిని తినేసే ప్రశ్న ఇదే కాబట్టి ముందు దీన్ని తేల్చుకుందాం. "నెల తప్పిందని తెలియక ఆ ఫంక్షన్‌లో తాగాను, అందుకే పోయిందా?"

తెలిసిన గర్భాల్లో ప్రతి వందకూ 10 నుంచి 20 వరకు గర్భస్రావంతో ముగుస్తాయి. తొలి మూడు నెలల్లో పోయేవాటిలో దాదాపు సగానికి క్రోమోజోముల్లో వచ్చిన తేడాలే కారణం. ఆ తేడా అండం, వీర్యకణం కలిసే సమయానికే వచ్చేసి ఉంటుంది. ఆ తర్వాత మీరు ఏం తిన్నా, ఏం తాగినా, ఎంత రెస్ట్ తీసుకున్నా అది మారదు.

అలాగని మద్యానికీ గర్భస్రావానికీ సంబంధమే లేదనలేం. 2019లో 24 అధ్యయనాలను, అంటే రెండు లక్షలకు పైగా గర్భవతుల వివరాలను కలిపి చూశారు. వారానికి ఐదు డ్రింకుల లోపు తాగేవాళ్లలో, వారానికి ఒక్కో డ్రింకు పెరిగేకొద్దీ గర్భస్రావం ముప్పు సుమారు 6 శాతం చొప్పున పెరిగింది. ఈ 6 శాతం అన్న మాట వినగానే గుండె జారిపోతుంది, అందుకే దాన్ని విడదీసి చూడాలి. వంద గర్భాల్లో 15 పోతాయనుకుంటే, వారానికి ఒక డ్రింకు తాగేవాళ్లలో ఆ సంఖ్య దాదాపు 16 అవుతుంది. వందలో ఒక్కటి తేడా. వెనక్కి తిరిగి "నా గర్భం ఆ ఒక్కటే" అని చెప్పగలిగే డాక్టర్ ఎక్కడా ఉండరు. ముందుకు చూస్తే మాత్రం, మన చేతిలో ఉన్న కొద్ది విషయాల్లో ఇదొకటి. వయసును మార్చలేం, క్రోమోజోములను మార్చలేం, దీన్ని మార్చొచ్చు.

2. గర్భస్రావం అయిన మొదటి రోజుల్లో

ఈ దశలో మద్యం వద్దనడానికి కారణం తర్వాతి గర్భం కాదు, మీరు వాడుతున్న మందులు. నొప్పికి ఐబుప్రొఫెన్ వేసుకుంటూ తాగితే కడుపులో పుండ్లు, రక్తస్రావం అయ్యే ప్రమాదం పెరుగుతుంది. బాగా తాగే అలవాటున్నవాళ్లకు పారాసెటమాల్ లివర్ మీద భారం వేస్తుంది. ఇన్ఫెక్షన్ రాకుండా మెట్రోనిడజోల్ ఇచ్చి ఉంటే, కోర్సు పూర్తయ్యాక కూడా రెండు మూడు రోజుల దాకా మద్యం వద్దని సాధారణంగా చెబుతారు. మత్తు ఇచ్చి గర్భాశయం శుభ్రం చేసి ఉంటే కనీసం 24 గంటలు ముట్టకూడదు. నిద్రమాత్రలు, టెన్షన్ తగ్గించే మాత్రలు వాడుతుంటే, అవి మానేదాకా అసలు వద్దు. ఆ రెండూ కలిస్తే శ్వాస మందగిస్తుంది.

ఇంకో మాట. గంటకు రెండు పెద్ద ప్యాడ్లు తడిసేంత రక్తం వరసగా రెండు గంటలు పోతున్నా, జ్వరం వచ్చినా, దుర్వాసనతో ద్రవం వస్తున్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. తాగి ఉంటే ఈ లక్షణాలను గమనించడమే ఆలస్యమవుతుంది.

3. ఎంత తాగుతున్నారో గ్రాముల్లో లెక్క వేయండి

"అప్పుడప్పుడూ, కొంచెమే" అన్నది లెక్క కాదు. ఒక డ్రింకు అంటే కూడా ఒక్కో దేశంలో ఒక్కోటి: బ్రిటన్ యూనిట్‌లో 8 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది, అమెరికా డ్రింకులో 14 గ్రాములు ఉంటుంది. అందుకే గ్రాముల్లో చూసుకోవడం మేలు. లెక్క తేలికే. ఎన్ని మిల్లీలీటర్లో దాన్ని సీసా మీద ఉన్న శాతంతో గుణించి, వందతో భాగించి, మళ్లీ 0.8తో గుణించాలి.

330 మి.లీ. బీరు 5 శాతంది అయితే 13 గ్రాములు. 150 మి.లీ. వైన్ 12 శాతంది అయితే 14 గ్రాములకు కాస్త ఎక్కువ. 60 మి.లీ. విస్కీ లేదా వోడ్కా 40 శాతంది అయితే 19 గ్రాములు. 500 మి.లీ. స్ట్రాంగ్ బీరు 8 శాతంది అయితే 32 గ్రాములు. అంటే "ఒక్క బీరే కదా" అనుకున్నది రెండు గ్లాసుల వైన్ కంటే ఎక్కువ.

ఇంట్లో ఒక పని చేసి చూడండి. మీరు మామూలుగా వాడే గ్లాసులో, మామూలుగా పోసుకునే గీత దాకా నీళ్లు పోయండి. ఆ నీళ్లను కొలత గుర్తులున్న కప్పులోకి వంపండి. వైన్ గ్లాసులో 150 అనుకుని పోసింది చాలామందికి 200 దాటి ఉంటుంది. ఐస్, సోడా కలిపే గ్లాసులో అయితే పెగ్గు ఎంత పడుతుందో కంటికి అసలు తెలియదు.

తర్వాత, గడిచిన నాలుగు వారాలను గుర్తు చేసుకుని రాసుకోండి. ఎన్ని రోజులు, రోజుకు ఎన్ని గ్రాములు, ఒకే సిట్టింగ్‌లో ఎక్కువ తాగింది ఎప్పుడు. ఇది డాక్టర్‌కు చూపించడానికి కూడా పనికొస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేయించిన ఆడిట్ అనే పది ప్రశ్నల పట్టిక ఒకటుంది. అందులో 8 లేదా అంతకంటే ఎక్కువ మార్కులు వస్తే అలవాటు ప్రమాదం వైపు వెళ్తోందని అర్థం.

4. ఎప్పుడు ఆపాలి?

ఈ వ్యాసంలో అసలు విషయం ఇదే.

గర్భం కోసం ప్రయత్నించేవాళ్లలో చాలామంది ఒక పద్ధతి పాటిస్తారు. పీరియడ్స్ మొదలైన రోజు నుంచి అండం విడుదలయ్యేదాకా తాగుతారు, అండం విడుదలయ్యాక ఆపేస్తారు, మళ్లీ పీరియడ్స్ వస్తే మొదలుపెడతారు. నెల సగం అటు, సగం ఇటు. నెలసరి గడియారంలా వచ్చేవాళ్లకు ఇందులో కొంత తర్కం ఉంది. అండం ఫలదీకరణ చెందాక గర్భాశయానికి చేరి అతుక్కోవడానికి సుమారు 6 నుంచి 10 రోజులు పడుతుంది. ఆ తర్వాతే తల్లి రక్తంతో దానికి సంబంధం గట్టిపడుతుంది.

గర్భస్రావం తర్వాత ఈ లెక్క మూడు చోట్ల దెబ్బతింటుంది.

ఒకటి, అండం ఎప్పుడు విడుదలవుతుందో తెలియదు. గర్భస్రావం అయిన రెండు వారాలకే విడుదల కావచ్చు. అంటే మళ్లీ పీరియడ్స్ రాకముందే నెల తప్పొచ్చు. మామూలుగా పీరియడ్స్ నాలుగు నుంచి ఆరు వారాల్లో వస్తాయి, అంతదాకా వెనక్కి లెక్కపెట్టడానికి తేదీ ఏదీ ఉండదు.

రెండు, ప్రెగ్నెన్సీ టెస్టును నమ్మలేం. గర్భం ఉన్నప్పుడు తయారైన హెచ్‌సీజీ హార్మోన్ రక్తంలోంచి పూర్తిగా పోవడానికి కొన్ని వారాలు పడుతుంది. ఆ లోపు టెస్ట్ చేస్తే పాత గర్భం తాలూకు హార్మోన్‌కే రెండు గీతలు పడతాయి. కొత్తది వచ్చిందేమోనని ఆశ, తర్వాత గీత మసకబారితే మళ్లీ పోయిందని ఏడుపు. ఇది చాలా ఇళ్లలో జరిగేదే.

మూడు, అండం విడుదలను పట్టించే స్ట్రిప్పులూ మోసం చేస్తాయి. అవి వెతికే ఎల్‌హెచ్ హార్మోన్, హెచ్‌సీజీ రెండూ నిర్మాణంలో దగ్గర చుట్టాలు. మిగిలిపోయిన హెచ్‌సీజీని చూసి స్ట్రిప్ "అండం విడుదలవుతోంది" అని చూపించవచ్చు.

అందుకని నా సలహా ఇది. రక్షణ లేకుండా కలవడం మొదలుపెట్టిన రోజునుంచి, కనీసం ఒక మామూలు పీరియడ్ వచ్చేదాకా, మద్యం పూర్తిగా సున్నా. ఈ కాలంలో సగం నెల లెక్కలు వద్దు. ఆ తర్వాత కూడా సున్నా మీదే ఉండగలిగితే అదే అన్నిటికంటే సురక్షితం. గర్భం కోసం ప్రయత్నిస్తున్నవాళ్లు అసలు తాగకపోవడమే సురక్షితమని బ్రిటన్ ప్రధాన వైద్యాధికారులు 2016లో ఇచ్చిన సూచన చెబుతోంది. గర్భంతో ఉన్నప్పుడు ఇంత తాగితే ఫర్వాలేదు అనే కొలత ఏదీ లేదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట.

సున్నా వీలుకాదనుకునేవాళ్లు, నెలసరి మళ్లీ గాడిలో పడ్డాక, అండం విడుదలకు ముందు రోజుల్లో ఎప్పుడైనా ఒక డ్రింకుకు పరిమితమై, విడుదల రోజులు దగ్గరపడగానే ఆపి, పీరియడ్స్ వచ్చేదాకా ముట్టకుండా ఉండొచ్చు. ఇది సున్నా తర్వాతి మేలు మాత్రమే. అండం విడుదలయ్యాక వచ్చే రెండో సగం మాత్రం గట్టిగా పట్టుకోండి. 2021లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనంలో అండం విడుదల తర్వాతి రోజుల్లో వారానికి 3 నుంచి 6 డ్రింకులు తాగినవాళ్లలో కూడా గర్భం వచ్చే అవకాశం తగ్గినట్లు కనిపించింది. డెన్మార్క్‌లో 6 వేలకు పైగా ఆడవాళ్లను గమనించిన 2016 అధ్యయనంలో మాత్రం వారానికి 14కు తక్కువ తాగినవాళ్లలో పెద్ద తేడా కనిపించలేదు, 14, ఆపైన తాగినవాళ్లలో అవకాశం 18 శాతం తగ్గింది. రెండూ పూర్తిగా కలవవు. కానీ రెండింట్లోనూ ఎక్కువ తాగడం మంచిదని ఎక్కడా తేలలేదు. ఒకసారి బిడ్డను పోగొట్టుకున్నవాళ్లు ఈ తగువులో ఎటు మొగ్గాలో చెప్పాల్సిన పనిలేదనుకుంటా.

ఎప్పుడు ప్రయత్నించాలన్నది వేరే ప్రశ్న. రక్తస్రావం పూర్తిగా ఆగేదాకా కలవకూడదు, ఇన్ఫెక్షన్ రావచ్చు. ఆరు నెలలు ఆగమని 2005 ప్రాంతంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించేది. 2010లో స్కాట్లాండ్‌లో 30 వేలకు పైగా ఆడవాళ్ల రికార్డులు చూస్తే, ఆరు నెలల లోపే గర్భం దాల్చినవాళ్లలో మళ్లీ గర్భస్రావం కావడం తక్కువగా ఉంది. బిడ్డ బదులు నీటి బుడగల గుత్తిలా పెరిగే ముత్యాల గర్భం అయినా, ట్యూబులో గర్భానికి మెథోట్రెక్సేట్ ఇంజెక్షన్ తీసుకున్నా లెక్క వేరు, అక్కడ డాక్టర్ చెప్పినంత కాలం ఆగాల్సిందే.

5. రోజూ ఎక్కువగా తాగేవాళ్లు: ఒక్కసారిగా ఆపొద్దు

ఉదయం లేవగానే చేతులు వణకడం, తాగితేగానీ వణుకు తగ్గకపోవడం, చెమటలు, మానినప్పుడు ఒకసారైనా ఫిట్స్ రావడం. వీటిలో ఏది ఉన్నా, ఇవాళే మానేస్తానని పంతం పట్టొద్దు. రోజూ ఎక్కువ తాగే శరీరానికి మద్యం ఒక్కసారి ఆగితే 6 నుంచి 24 గంటల్లో వణుకు, చెమటల్లాంటి ఉపసంహరణ లక్షణాలు మొదలవుతాయి. రెండు మూడు రోజులకు తీవ్రమైన గందరగోళం, లేనివి కనిపించడం, ఫిట్స్ దాకా పోయి ప్రాణం మీదకు రావచ్చు. డాక్టర్ పర్యవేక్షణలో మందులతో వారం పది రోజుల్లో ఇది సురక్షితంగా జరిగిపోతుంది. విటమిన్ బి1 కూడా ఇస్తారు. గర్భం కోసం ప్రయత్నిస్తున్నామని ఆ డాక్టర్‌కు ముందే చెప్పండి, ఎందుకంటే మద్యం మాన్పించే మందుల్లో కొన్ని గర్భంలో వాడరు. గర్భం రాకముందే ఈ పని అయిపోతే అన్ని విధాలా తేలిక. అప్పటిదాకా గర్భనిరోధం వాడటంలో తప్పేమీ లేదు.

6. నిద్ర కోసం, బాధ మరవడం కోసం తాగుతుంటే

గర్భస్రావం తర్వాత తాగడం పెరిగిందంటే దానికి కారణం చాలావరకు రాత్రి పది తర్వాతే ఉంటుంది. ఇల్లు సద్దుమణిగాక ఆ ఆసుపత్రి గది, స్కానింగ్‌లో డాక్టర్ మౌనం గుర్తొస్తాయి. ఒక పెగ్గు వేసుకుంటే నిద్ర పడుతుంది, నిజమే. కానీ అది సగం రాత్రి నిద్రే. మద్యం కరిగేకొద్దీ రెండో సగంలో నిద్ర చెదురుతుంది. మూడింటికో నాలుగింటికో మెలకువ వచ్చి, గుండె దడతో, పొద్దున్నే ఇంకా నీరసంగా ఉంటుంది. మర్నాడు రాత్రికి మళ్లీ అదే అవసరమవుతుంది.

లండన్ ఆసుపత్రుల్లో గర్భం కోల్పోయిన ఆడవాళ్లను గమనించిన 2020 నాటి అధ్యయనంలో, నెల రోజులకు 29 శాతం మందిలో పెద్ద ప్రమాదం నుంచి బయటపడ్డవాళ్లలో కనిపించే మానసిక గాయం లక్షణాలు ఉన్నాయి. తొమ్మిది నెలలకూ 18 శాతం మందిలో అవి తగ్గలేదు. "చిన్న గర్భమే కదా, మళ్లీ వస్తుందిలే" అనే బంధువులకు ఈ అంకె చెప్పినా వినరు, కానీ మీకు తెలిసి ఉండాలి. ఇది బలహీనత కాదు, చికిత్స ఉన్న సమస్య.

మద్యం ఆపిన మొదటి వారం నిద్ర ఇంకా చెడుతుంది. ముందే తెలిస్తే భయపడరు. ఆ వారంలో పడుకునే టైము మార్చకండి, నిద్ర రాకపోతే మంచం మీద దొర్లకుండా లేచి వేరే గదిలో కూర్చోండి, మధ్యాహ్నం తర్వాత కాఫీ వద్దు. రెండు వారాలు దాటినా రోజంతా ఏడుపు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, బతకాలనిపించకపోవడం ఉంటే కౌన్సెలర్‌నో సైకియాట్రిస్టునో కలవండి. చనిపోవాలనే ఆలోచన వస్తే ఆ రోజే, ఒంటరిగా ఉండకుండా, వెళ్లాలి. గర్భానికి ప్రయత్నిస్తూ కూడా వాడదగిన మందులు ఉన్నాయి.

7. భర్త సంగతి

వీర్యకణం తయారు కావడానికి సుమారు 74 రోజులు పడుతుంది. అంటే ఇవాళ ఆయన తాగింది రెండున్నర మూడు నెలల తర్వాతి వీర్యంలో కనిపిస్తుంది. డెన్మార్క్‌లో 1,200 మందికి పైగా యువకులపై చేసిన అధ్యయనంలో తాగుడు పెరిగేకొద్దీ వీర్యకణాల నాణ్యత తగ్గుతూ వచ్చింది, వారానికి 25 డ్రింకులు దాటినవాళ్లలో మరీ ఎక్కువగా. కాబట్టి మూడు నెలల ముందే ఆయన కూడా తగ్గించడం మంచిది.

వీర్యం ఒక్కటే కారణం కాదు. ఒకరు తాగుతూ ఉంటే పక్కన కూర్చుని ఇంకొకరు మానడం ఎంత కష్టమో అనుభవించినవాళ్లకు తెలుసు. ఇంట్లో సీసా లేకపోతే సగం పని అయినట్టే. "నువ్వు మాను, నేను చూసుకుంటా" అనే భర్తలకు ఈ పేరా చూపించండి. గర్భం పోయిన బాధ ఆయనకూ ఉంటుంది, ఆయనా గ్లాసుతోనే మాట్లాడుకుంటూ ఉండొచ్చు. ఆ సంగతి ఒకసారి అడగండి.

8. నలుగురిలో ఉన్నప్పుడు

తాగే బృందంలో ఒక్కరు వద్దంటే అందరి కళ్లూ కడుపు మీదకే పోతాయి. "ఏంటి, గుడ్ న్యూసా?" అన్న ఆ ఒక్క ముక్క, మూడు నెలల కిందట బిడ్డను పోగొట్టుకున్న మనిషికి ఎలా తగులుతుందో అడిగేవాళ్లకు తెలియదు. జవాబు ముందే సిద్ధం చేసుకోండి. "యాంటీబయాటిక్ కోర్సులో ఉన్నా", "ఇవాళ నేనే బండి నడపాలి", "ఈ నెల మానేశా" లాంటివి చాలు, వివరణ ఇవ్వకండి. వెళ్లగానే చేతిలో ఒక గ్లాసు పట్టుకోండి: సోడా, నిమ్మకాయ ఉంటే ఎవరూ అడగరు. నిజం తెలిసిన ఒక స్నేహితురాలు పక్కన ఉంటే మాట మళ్లించడం తేలిక. మరీ కష్టమనిపించే పార్టీలకు కొన్నాళ్లు వెళ్లకపోయినా కొంపలేం మునగవు.

ఆల్కహాల్ లేదని అమ్మే బీరులో చాలాచోట్ల 0.5 శాతం దాకా ఉండొచ్చు, 0.0 అని రాసి ఉన్నది చూసి తీసుకోండి. దగ్గు సిరప్‌లు, కొన్ని టానిక్‌ల లేబుల్ మీద కూడా ఒకసారి కన్ను వేయండి.

9. ఆపిన చోట ఏం పెట్టాలి

ఫోలిక్ ఆమ్లం, రోజుకు 400 మైక్రోగ్రాములు, ప్రయత్నం మొదలుపెట్టడానికి కనీసం ఒక నెల ముందు నుంచి వేసుకోవాలి. బిడ్డ మెదడు, వెన్నుపాము అయ్యే గొట్టం గర్భధారణ జరిగిన 28 రోజుల్లోపే మూసుకుంటుంది, అప్పటికి చాలామందికి నెల తప్పిందని ఇంకా రూఢి కాదు. మద్యం ఒంటికి ఈ ఫోలిక్ ఆమ్లం పట్టకుండా చేస్తుంది, అందుకే ఇంతకాలం తాగినవాళ్లకు ఇది మరీ అవసరం. మధుమేహం, ఫిట్స్ మందులు ఉంటే డోసు ఎక్కువ ఉండాలి, డాక్టర్‌ను అడగాలి. గర్భస్రావంలో రక్తం బాగా పోయి ఉంటే హిమోగ్లోబిన్ చూపించుకోండి. థైరాయిడ్ కూడా.

10. తాగాక నెల తప్పిందని తెలిస్తే

తెలిసిన క్షణం ఆపండి. లోపల ఉన్న మద్యాన్ని లివర్ గంటకు సుమారు 7 నుంచి 10 గ్రాముల చొప్పున కరిగించేస్తుంది, ఒంట్లో నిల్వ ఉండిపోదు. ఎన్నో గర్భాలు ఇలా తెలియని రోజులతోనే మొదలై మామూలుగా సాగుతాయి. అమెరికాలో 5 వేలకు పైగా ఆడవాళ్లపై వచ్చిన 2021 అధ్యయనంలో, గర్భం అయిదో వారం నుంచి పదో వారం దాకా తాగుడు కొనసాగిన ఒక్కో వారానికి గర్భస్రావం ముప్పు 8 శాతం చొప్పున పెరిగింది. అంటే ఒక వారం ముందు ఆపినా దానికి విలువ ఉంది. "ఎలాగూ తాగేశాను కదా" అని ఇంకో వారం లాగడంలోనే నష్టం.

మొదటి చెకప్‌లో డాక్టర్‌కు చివరిసారి ఎప్పుడు తాగారో, సుమారు ఎన్ని గ్రాములో, ముందటి గర్భస్రావం ఎన్నో వారంలో అయిందో చెప్పండి. ముందు గర్భస్రావం అయి ఉండి, ఈసారి తొలి వారాల్లో రక్తం కనిపిస్తే గర్భాన్ని నిలిపే హార్మోన్ ప్రొజెస్టెరాన్ ఇచ్చే పద్ధతి ఉంది, కాబట్టి ఎర్రగా కొంచెం కనిపించినా ఫోన్ చేయండి. రెండు లేదా మూడు గర్భస్రావాలు అయి ఉంటే రక్తం గడ్డకట్టించే యాంటీబాడీలను వెతికే యాంటీఫాస్ఫోలిపిడ్ పరీక్షలాంటివి ముందే చేయించాలి. ఏడాది ప్రయత్నించినా, 35 దాటినవాళ్లు ఆరు నెలలు ప్రయత్నించినా నెల తప్పకపోతే ఇద్దరూ కలిసి పరీక్షలకు వెళ్లండి, మూడో మెట్టులో రాసుకున్న ఆ కాగితం వెంట తీసుకెళ్లండి.